ప్రతి మరకకూ ఒక కారణం



వార్షికోత్సవ సంచికలో మామూలుగా చదువు, ఉద్యోగం, సామాజిక న్యాయం, హాస్టల్ జ్ఞాపకాల మీద వ్యాసాలు వస్తాయి. అవి రావలసిందే. ఈసారి వాటి పక్కన ఒక చిన్న విషయానికి చోటు అడుగుతున్నాం. ప్లాస్టిక్ విమాన నమూనాకు రంగు వేసి, ఆ పైన ఆయిల్ కలర్స్‌తో దాన్ని ఎండకు వెలిసినట్టు, పొగకు మసిబారినట్టు, మనుషులు తొక్కి అరిగినట్టు చేసే పని గురించి మా అభిప్రాయం ఇది. ఆ పనిని వెదరింగ్ అంటారు. వినగానే "ఇది డబ్బున్నవాళ్ల పిల్లల సరదా, మనకెందుకు?" అనిపించవచ్చు. ఈ పనికి కావలసిన అసలు చదువు మన ఇళ్లలోనే ఉందని, కాబట్టి మన హాస్టల్లో దీనికొక బల్ల, ఆదివారం రెండు గంటల సమయం ఉండాలని మేము గట్టిగా అనుకుంటున్నాం.

నమూనా అంటే లెక్క

స్కేలు నమూనా అంటే అసలు వస్తువును కచ్చితమైన నిష్పత్తిలో తగ్గించి చేసినది. విమానాల్లో ఎక్కువగా కనిపించేవి 1/72, 1/48 స్కేళ్లు. 1/72 అంటే అసలు విమానం మీద 72 సెంటీమీటర్లు నమూనా మీద 1 సెంటీమీటరు అవుతుంది. పాత కొలతల్లో చెప్పాలంటే 6 అడుగులకు 1 అంగుళం. ఆరడుగుల మనిషి అంగుళం మనిషి అవుతాడు. సుమారు 15 మీటర్ల మిగ్-21 విమానం 20 సెంటీమీటర్ల పైచిలుకు బొమ్మ అవుతుంది.

దీనికీ బడికీ పాత సంబంధమే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అమెరికా నౌకాదళం తమ దేశంలోని హైస్కూలు విద్యార్థులను 5 లక్షల విమాన నమూనాలు చెక్కతో చేసి ఇమ్మని కోరింది. ఆకాశంలో కనిపించేది తమ విమానమో శత్రు విమానమో ఆకారం చూసి గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి అవి కావలసి వచ్చాయి. అవన్నీ 1/72 స్కేలులో, నల్ల రంగులో ఉండేవి. అంటే బడిపిల్లల చేతిపని సైనికులకు పాఠ్యపుస్తకం అయింది. ఆ తరువాతి కాలంలో ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. భాగాలు కత్తిరించి, అతికించి, రంగులు వేసుకోవడం ఇంటింటి సరదా అయింది.

స్కేలు తెలిస్తే మొదటి పాఠం తెలిసినట్టే. నమూనా మీద 1 మిల్లీమీటరు రంగు ఊడినట్టు చూపిస్తే, అసలు విమానం మీద అది 7 సెంటీమీటర్ల పైన పెచ్చు. అంటే అరచేతి వెడల్పంత! అలాంటివి ఇరవై పెడితే ఆ విమానాన్ని ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు సన్నని కుంచె మొనతో, చూసీ చూడనట్టు పెడతారు. తరగతిలో నిష్పత్తి, అనుపాతం అని వల్లె వేసిన లెక్క ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

తొందర లేని రంగు

నమూనాకు అడుగు రంగుగా ఎక్కువమంది ఆక్రిలిక్ వేస్తారు. అది నిమిషాల్లో ఆరుతుంది. ఆయిల్ కలర్ అలా కాదు. అందులో రంగు పొడిని లిన్సీడ్ ఆయిల్‌లో, అంటే అవిసె నూనెలో నూరి ఉంచుతారు. నూనె ఆవిరై పోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అందుకే వేసిన గంటల తరవాత కూడా దాన్ని జరపవచ్చు, పలచబరచవచ్చు, తుడిచి మళ్లీ వేయవచ్చు. పాతదనం చూపించడానికి ఇంతకంటే అనువైన రంగు లేదు. అసలు విమానమూ ఒక్క రోజులో పాతబడదు కదా!

పద్ధతి క్లుప్తంగా చెబుతాం. అడుగు రంగు పూర్తిగా ఆరాక మెరిసే వార్నిష్ ఒక పూత వేయాలి. ట్యూబులోంచి చిటికెడు రంగు తీసి అట్టముక్క మీద అరగంట, గంట ఉంచాలి. అట్ట నూనెను పీల్చుకుంటుంది. ఇక ఆ రంగు మెరవకుండా మట్టిలా ఆరుతుంది, త్వరగానూ ఆరుతుంది. తరవాత బర్న్ట్ అంబర్, నలుపు కలిపి టర్పెంటైన్‌లో నీళ్లలా పలచన చేసి, రేకులు కలిసే గీతల మీద కుంచె మొన ఆనిస్తే చాలు. మెరిసే పూత నునుపుగా ఉంటుంది కాబట్టి రంగు తనంతట తానే గీత వెంట పాకుతుంది. దీపపు వత్తిలో నూనె ఎక్కేది కూడా ఈ సూత్రం మీదే. దీన్ని వాష్ అంటారు.

రెండో పద్ధతి చుక్కలది. తెలుపు, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, కొంచెం నీలం రంగులను సూది మొనంత చుక్కలుగా రెక్క మీద పెట్టి, టర్పెంటైన్‌లో తడిపి దాదాపు ఆరేలా పిండిన చదును కుంచెతో లాగాలి. చుక్కలు కనిపించకుండా పోయి, ఒకే రంగుగా ఉన్న రెక్క మీద ఎండకు వెలిసిన చోట్లు, మురికి పట్టిన చోట్లు తేలుతాయి. ఆ పైన ఒకటి రెండు రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి. చివరికి మెరుపు లేని వార్నిష్ వేస్తే పని ముగుస్తుంది.

మరక ఎక్కడ పడాలి?

ఇంతవరకు చేతి నేర్పు. నెల రోజుల్లో ఎవరికైనా వస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. మరక ఎక్కడ పడాలి? ఏ రంగులో పడాలి? ఏ వైపుకు జారాలి? దీనికి జవాబు కుంచె చెప్పదు, ఆ విమానం దగ్గర పని చేసిన మనుషుల కథ చెబుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల నుంచి ఎగిరిన అమెరికా కోర్సెయిర్ విమానాన్ని చూడండి. దాని పెట్రోలు ట్యాంకు పైలట్ ముందు, ఇంజనుకూ అతనికీ మధ్య ఉండేది. రేకుల సందుల్లోంచి పెట్రోలు కారి పైలట్ ముందున్న అద్దం మీద పడకుండా మెకానిక్కులు ఆ సందుల మీద తెల్లటి టేపు అంటించేవారు. ఆ కాలపు ఫోటోల్లో ముదురు నీలం విమానం ముక్కు మీద తెల్లటి పట్టీలు కనిపిస్తాయి. తెలియనివాడికి అది అలంకారం. తెలిసినవాడికి ఎవరో ఎండలో నిలబడి చేసిన మరమ్మతు. ఆ దీవుల్లో పగడపు రాయిని పొడి చేసి రన్‌వేలు పరిచారు కాబట్టి అక్కడి దుమ్ము ఎర్రమట్టి రంగులో ఉండదు, సున్నంలా ఉంటుంది. మన పొలం మట్టి రంగు తెచ్చి ఆ విమానానికి పూస్తే అబద్ధం చెప్పినట్టే.

బ్రిటన్ లాంకాస్టర్ బాంబర్ రెక్కల మీద ఇంజను పొగ చారలు నల్లగానే ఉండాలని చాలామంది అనుకుంటారు. దూరప్రయాణాలు చేసిన విమానాల మీద అవి లేత బూడిద రంగులోనూ కనిపిస్తాయి. ఇంధనంలో కలిపిన సీసపు సమ్మేళనం కాలి, తెల్లటి బూడిదలా పేరుకునేది. ఒక్క చార రంగులో ఎంత రసాయన శాస్త్రం ఉందో చూడండి.

ఇక మన మిగ్-21. అది 1963లో మన వైమానిక దళంలోకి వచ్చి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. అరవై రెండేళ్ల సేవ! ఇక్కడ తయారైన మిగ్‌ల శరీరాలు నాసిక్‌లో, ఇంజన్లు ఒడిశాలోని కోరాపుట్‌లో తయారైతే, వాటి ఎలక్ట్రానిక్ పరికరాల కోసం హెచ్‌ఏఎల్ సంస్థ హైదరాబాద్ బాలానగర్‌లో విభాగాన్ని పెట్టింది. అంటే ఆ విమానంలో మన ప్రాంతపు కార్మికుల చేతి పని కూడా ఉంది. తొలినాటి మిగ్‌లు రంగు లేని మెరిసే లోహంతో ఉండేవి. 1971 యుద్ధం వచ్చినప్పుడు, పైనుంచి కనిపించకుండా ఉండాలని వాటిలో చాలావాటికి స్క్వాడ్రన్లలోనే హడావిడిగా ఆకుపచ్చ, మట్టి రంగులు పూశారు. అలాంటి మిగ్ నమూనా చేసేవాడు కింద మెరిసే లోహం, పైన తొందరగా పూసిన రంగు, అది అరిగిన చోట మళ్లీ తొంగిచూసే లోహం చూపించాలి. తోక చివర జెట్ వేడికి లోహం గోధుమ, నీలి ఛాయలు తిరుగుతుంది. అక్కడ బర్న్ట్ సియెన్నా, నీలం పలచగా ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ వేడి కనిపిస్తుంది.

దగ్గరలో చూడాలంటే విశాఖపట్నం బీచ్ రోడ్డుకు వెళ్లండి. 1988 నుంచి 2017 వరకు మన నౌకాదళంలో పనిచేసిన టీయూ-142 విమానం 2017 డిసెంబర్ నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. ఎక్స్‌కర్షన్‌కు వెళ్లిన మన పిల్లలు దాని ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. ఈసారి ఒక్క సంగతి గమనించండి. ఎగిరే విమానం మీద నూనె, మసి, మురికి గాలి తోసినట్టు వెనక్కి సాగుతాయి. నిలబడ్డ విమానం మీద వాన నీటి చారలు నేలవైపు దిగుతాయి. అదే విమానాన్ని పనిలో ఉన్నప్పటిలా చేయాలంటే కుంచెను ముక్కు నుంచి తోకకు లాగాలి. మ్యూజియంలో సముద్రపు గాలికి నిలబడ్డట్టు చేయాలంటే పైనుంచి కిందికి లాగాలి. కుంచె లాగిన దిక్కును బట్టి అది ఉద్యోగంలో ఉందో, పదవీ విరమణ చేసిందో చెప్పవచ్చు.

ఈ చదువు ఎవరి దగ్గర ఉంది?

ఇప్పుడు మా అసలు మాటకు వస్తాం. మేము నలుగురం కలిసి ఒక మిగ్-21 కిట్ కొని చేశాం. ఇంధనం పోసే మూత దగ్గర మరక ఎలా ఉండాలని తర్జనభర్జన పడుతుంటే, తండ్రి లారీ క్లీనరుగా పనిచేసిన మిత్రుడు వెంటనే చెప్పాడు: "మూత చుట్టూ మురికి ఉండదురా. డీజిల్ పడ్డచోట దుమ్ము కడుక్కుపోయి శుభ్రంగా ఉంటుంది. కారిన చార చివర దుమ్ము అంటుకుని నల్లగా గడ్డకడుతుంది." ఫోటోలు తెచ్చి చూశాం. అతను చెప్పినట్టే ఉంది. ఆ మాట అతనికి ఏ ఇంజనీరింగ్ పుస్తకమూ చెప్పలేదు.

మనలో ఎవరి ఇంటికి వెళ్లినా ఇలాంటి చదువు దొరుకుతుంది. పార కర్ర ఎక్కడ నున్నబడుతుంది? రెండు చేతులు పట్టే చోట. కొడవలి ఎక్కడ తుప్పు పడుతుంది? రాయి మీద నూరని వైపు. సైకిల్ సీటు ఏ అంచున చిరుగుతుంది? తొక్కేవాడు కాలు దించే వైపున. రేకుల కప్పు మీద తుప్పు ఎక్కడ మొదలవుతుంది? మేకు కొట్టిన రంధ్రం దగ్గర. ఇవన్నీ మనం చిన్నప్పటి నుంచి చూసినవే. పాత వస్తువును పారేసి కొత్తది కొనే ఇంట్లో పెరిగినవాడికి వస్తువు ఎలా అరుగుతుందో చూసే అవకాశమే తక్కువ. మన ఇళ్లలో వస్తువు పూర్తిగా అరిగేదాకా ఉంటుంది. చేతిపని తక్కువది, పుస్తకం చదువు ఎక్కువది అనే భేదం ఈ దేశంలో కులంతో పాటు వచ్చింది. ఆ భేదాన్ని నమ్మి, డిగ్రీ చేతికి రాగానే మన ఇంటి తెలివిని మనమే దాచుకోవడం మొదలుపెడతాం. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే కావచ్చు. మొదటి తెలివి మాత్రం మనది కాదు.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, మా నమూనాను ఒక కాలేజీ ఉత్సవంలో పెట్టినప్పుడు జరిగినది మాకు గుర్తుంది. చూడవచ్చిన పెద్దమనిషి ఒకరు దాన్ని ఎత్తి చూసి, "బాగానే చేశారు గానీ ఇంత మురికిగా ఎందుకు చేశారయ్యా? శుభ్రంగా ఉంచడం రాదా?" అన్నారు. ఆ చివరి మాట విమానం గురించి అన్నది కాదని మాకు అర్థమైంది. మా మిత్రుడు తొణకకుండా ఒక్కొక్క మరకా చూపించి కారణం చెప్పాడు. "సార్, ఇది మెకానిక్ బూటు ఆనే చోటు. ఇది డీజిల్ లాంటి ఇంధనం పోసే చోటు. ఇది వేడికి కమిలిన చోటు." ఆయన సగంలోనే పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. వెనక నిలబడ్డ ఆ కాలేజీ అటెండరు మాత్రం చివరిదాకా విని, రెక్క మొదట్లో అరిగిన చోటు చూపించి, "ఇక్కడ కాలు పెట్టే ఎక్కుతారు కదా బాబూ!" అన్నారు. ఆ రోజు మాకు దొరికిన బహుమతి అదే అనుకున్నాం.

అభ్యంతరాలకు మా జవాబు

మొదటిది డబ్బు. మంచి కిట్లు విదేశాల నుంచి వస్తాయి, ఖరీదు ఎక్కువే. కానీ ఒక కిట్ హాస్టల్ అంతటికీ చాలు. ఆయిల్ కలర్ ట్యూబులు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి, చుక్కలుగా వాడేవి కాబట్టి ఏళ్ల తరబడి వస్తాయి. అయిదారు రంగులుంటే చాలు. కిట్ లేకపోయినా జాతరలో కొన్న ప్లాస్టిక్ లారీ మీద ఇదే పద్ధతిలో నేర్చుకోవచ్చు. లారీ ఎలా పాతబడుతుందో మనకు విమానం కంటే బాగా తెలుసు.

రెండోది సమయం. "పోటీ పరీక్షలు ముందు పెట్టుకుని బొమ్మలా?" అని సీనియర్లే అంటారు. ఈ పనిలో కుంచె పట్టేది అరగంట, ఆరడానికి వదిలేది రెండు రోజులు. ఆ రెండు రోజులు పుస్తకం పట్టుకోవచ్చు. అయినా మన పిల్లల ప్రతి గంటా ఉద్యోగానికే జమ కావాలని, సరదా మాత్రం పైవాళ్ల హక్కని ఎవరు నిర్ణయించారు?

మూడోది కొంచెం బరువైన ప్రశ్న. యుద్ధ విమానం మనుషులను చంపే యంత్రం కదా, దాన్ని ముద్దుగా చేసి అద్దాల పెట్టెలో పెట్టడం ఏమిటి? ఈ ప్రశ్న వేసేవారిని మేము గౌరవిస్తాం. తళతళలాడే యుద్ధ విమానం పోస్టరు యుద్ధాన్ని పండుగలా చూపిస్తుంది. అరిగి, మసిబారి, టేపు అంటించుకున్న విమానం దాని వెనకున్న చాకిరీని చూపిస్తుంది. రెండింటిలో రెండోదే నిజానికి దగ్గర.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. కొందరు వెదరింగ్ పేరుతో ప్రతి నమూనాను చెత్తకుప్పలోంచి తీసినట్టు చేస్తున్నారు. అది మాకు నచ్చదు. కవాతు కోసం కడిగి తుడిచిన విమానం శుభ్రంగానే ఉంటుంది. ఆ శుభ్రత వెనక కూడా గుడ్డ పట్టుకున్న చేయి ఉంది. మరకకు కారణం ఉన్నట్టే మెరుపుకూ కారణం ఉండాలి.

మేము కోరేది

హాస్టల్ కమిటీకి, వార్డెన్ గారికి, పూర్వ విద్యార్థులకు మా మనవి ఇది. రీడింగ్ రూములో కిటికీ పక్కన ఒక పాత బల్ల ఇవ్వండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు కేటాయించండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు తలా ఒక ట్యూబు, ఒక కుంచె ఇస్తే చాలు.

జూనియర్లకు కొన్ని జాగ్రత్తలు చెప్పడం మా బాధ్యత. టర్పెంటైన్ వాసన తలకెక్కుతుంది, నిప్పు అంటుకుంటుంది. డార్మిటరీలో, మూసిన గదిలో వాడవద్దు. హార్డ్‌వేర్ షాపులో ఎన్‌సీ థిన్నర్ ఇస్తే తీసుకోవద్దు, అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు. ఆరేటప్పుడు లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

వచ్చే వార్షికోత్సవానికి ప్రదర్శనలో మన హాస్టల్ పిల్లలు చేసిన ఒక్క నమూనా అయినా ఉండాలి. దాని పక్కన ఒక అట్ట పెట్టండి. అట్ట మీద విమానం వేగం, ఆయుధాల పట్టిక రాయకండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఏ మరక ఎందుకు పడిందో, అక్కడ ఎవరు పని చేసేవారో వరసగా రాయండి. ఇంధనం పోసినవారు, రెక్క ఎక్కి మూత బిగించినవారు, చక్రాలు మార్చినవారు, రాత్రి కూర్చుని రేకు అతికినవారు. మీ అమ్మానాన్నలు ఆ రోజు హాస్టల్‌కు వస్తారు. వాళ్లను ఆ బల్ల దగ్గరికి తీసుకువెళ్లి, తప్పు ఎక్కడుందో చెప్పమని అడగండి.